మీటరు చెప్పు లెక్క

2024వ సంవత్సరము మే నెలలో వడోదర పట్టణమున విద్యుత్కార్యాలయముల యెదుట స్త్రీలును పురుషులును గుంపులు గూడిరి. వారి యిండ్లకు క్రొత్తగా స్మార్టు మీటర్లు బిగింపఁబడియుండెను. ముందు సొమ్ము చెల్లించి పిమ్మట విద్యుత్తును వాడుకొనవలయును. సొమ్ము చెల్లిపోయినచో దీప మాఱిపోవును. రెండు మాసముల కొకసారి వచ్చు బిల్లునకు అలవాటుపడిన గృహస్థులు, సెల్‌ఫోనులోని నిలువ దినదినమును కరిగిపోవుచుండుట చూచి తాము మోసపోయితిమని తలంచిరి. మీటర్లు తప్పు చూపుచున్నవని వారును, మీటర్లయందు దోషము లేదని అధికారులును వాదించిరి. తుదకు ప్రభుత్వము పాత మీటరును క్రొత్తదాని ప్రక్కనే యుంచి, రెండు లెక్కలను సరిపోల్చి చూపుదుమని చెప్పవలసివచ్చెను.

ఈ యుదంతము గుజరాతు దేశమునకు మాత్రమే సంబంధించినది గాదు. 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వ మంగీకరించిన పంపిణీ సంస్కరణ పథకముక్రింద దేశమంతటను 25 కోట్ల స్మార్టు ప్రీపెయిడు మీటర్లను అమర్పవలెనని సంకల్పింపఁబడినది. ఆ సంకల్పమునకు మొదట విధించుకొనిన గడువు 2025 మార్చి నెల. గడువు దాటినది, పని మిగిలినది. కాని మీటర్లు మాత్రము ఇంటింటికి నడచి వచ్చుచునే యున్నవి. ఆంధ్రదేశమునందును ఈ చర్చ తక్కువగా లేదు. అధికారమున నున్న పక్షము మీటరును స్తుతించుటయు, ప్రతిపక్షము దానిని తిట్టుటయు, ఎన్నికలు కాఁగానే ఆ స్తుతినిందలు చేతులు మార్చుకొనుటయు మనకు అలవాటైన వినోదము. ఆ వినోదము నటుంచి, మీటరు చెప్పు లెక్క యెంతవఱకు నిజమో, ఏ మజిలీయం దది నిజము గాకపోవచ్చునో, పాఠకుల యెదుట నుంచఁదలఁచితిమి.

తూనికలను గుఱించిన శంక మన దేశమునకు క్రొత్తది గాదు. కౌటిల్యుఁడు తన అర్థశాస్త్రమున పౌతవాధ్యక్షుఁడను అధికారి నొకనిని తూనికలకును కొలతలకును ప్రత్యేకముగా నియమించెను. నాలుగు మాసముల కొకసారి తూనికరాళ్లకు ముద్ర వేయించుకొనవలెనని వర్తకులకు విధించెను. వర్తకుఁ డందఱును దొంగయని ఆయన తలంచుటచేత గాదు. త్రాసు అమ్మువానిచేతిలో నుండును గనుక, దానిని చూచువాఁడు వేఱొకఁడు గావలెనని ఆయన యెఱుఁగును. మన యిల్లాండ్రును ఈ సూత్ర మెఱుఁగుదురు. చింతపండు కొనునపుడు మాటలాడుచునే త్రాసు ముల్లువంక చూచుచుందురు. విద్యుత్తు విషయమున మాత్రమే మనము ముల్లు చూచుట మానితిమి. చూచుటకు వీలు లేకపోవుటయే దానికి కారణము.

విద్యుత్తును తూచు యంత్రముల చరిత్ర యందును ఈ సంగతియే కానవచ్చుచున్నది. ఎడిసను మహాశయుఁడు న్యూయార్కు నగరమున 1882లో దీపములు వెలిగించినపుడు ఆయన మీటరు ఒక సీసాలోని ద్రావకము, అందు మునిగిన రెండు జింకు పలకలు. విద్యుత్తు ప్రవహించినకొలఁది ఒక పలకనుండి లోహము రెండవదానికి చేరును. నెల కొకసారి కంపెనీ మనుష్యుఁడు వచ్చి పలకలను తీసికొనిపోయి, తన కార్యాలయమున తూచి, బిల్లు వ్రాసి పంపును. ఇంటివాఁడు ఆ సీసావంక దినమంతయు చూచినను తా నెంత వాడెనో తెలిసికొనఁజాలఁడు. 1889లో హంగరీదేశీయుఁడు బ్లాథీ ప్రత్యావర్తి విద్యుత్తునకు మీటరు నిర్మించిన పిమ్మట, అల్యూమినియపు చక్రము తిరుగు మీటర్లు లోకమంతట వ్యాపించెను. మన తాతలనాఁటి గోడలమీఁద నల్లని పెట్టెలో తిరిగిన చక్ర మదియే. దానియందు లోపము లెన్ని యున్నను ఒక గుణముండెను: ఇస్త్రీపెట్టె పెట్టిన చక్రము వేగముగా తిరుగుట పిల్లవానికిని కనఁబడును, అన్నియు ఆర్పివేసిన పిదపను చక్రము తిరుగుచుండిన, ఎచ్చటనో తీఁగ చెడినదని ముసలమ్మకైనను తెలియును. నేఁటి స్మార్టు మీటరు అర్ధమార్గమున ఎడిసను సీసావైపు మరలుచున్నది. కొలత యింటిలో జరుగుచున్నది. లెక్క వేఱొకచోట జరుగుచున్నది.

ముందుగా మీటరు పక్షమున చెప్పవలసినదానిని చెప్పెదము. గృహములకు పెట్టు ఎలక్ట్రానికు మీటరు ఒకటవ తరగతికి చెందినది. అనఁగా నియమితమైన పరీక్షాపరిస్థితులలో దాని తప్పు నూటికి ఒకటికి మించరాదు. పాత చక్రపు మీటరునకు నూటికి రెండువఱకు అనుమతి యుండెను. అదియుఁగాక చక్రము ముదిరినకొలఁది ఇరుసు అరిగి, దుమ్ము పట్టి, నెమ్మదించును. రాత్రి అందఱును నిద్రించినపుడు టీవీ, వైఫై పెట్టె, ఫోను చార్జరు వంటివి త్రాగు స్వల్పవిద్యుత్తునకు ముసలిచక్రము కదలకపోవచ్చును. ఎలక్ట్రానికు మీటరు దానిని విడువదు. ఇట్టివన్నియు కలసి 25 వాట్లైనను, ఎడతెగక నడచినచో మాసమునకు 18 యూనిట్లగును.

ఈ విషయమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు అనుభవము గమనింపఁదగినది. 2009 వేసవిలో బేకర్స్‌ఫీల్డు ప్రాంతమున స్మార్టు మీటర్లు వచ్చిన వెంటనే బిల్లులు మిన్నంటినవని ప్రజలు గగ్గోలు పెట్టిరి. ఆ రాష్ట్రపు నియంత్రణ సంఘము ఒక స్వతంత్రసంస్థచేత విచారణ చేయించెను. 2010లో వెలువడిన నివేదికలో, క్షేత్రమున పరీక్షకు లోనైన 611 స్మార్టు మీటర్లును ప్రమాణమునకు లోఁబడియే యున్నవనియు, చెడిపోయియుండిన రెంటిని మాత్రము విడిగా నుంచితిమనియు వ్రాయఁబడెను. అదే పరీక్షలో పాత చక్రపు మీటర్లు 147లో 6 తప్పినవి! బిల్లులు పెరుగుటకు ఆ యేటి జూలై మాసపు ఎండ, అప్పుడే పెరిగిన దరలు ముఖ్యకారణములని తేలినది. కాని ఆ నివేదిక కంపెనీని విడిచిపెట్టలేదు. మొఱలు పెట్టుకొనినవారికి అది సరియైన సమాధానము చెప్పలేదనియు, ప్రజల యవిశ్వాసమునకు అదియే చాలవఱకు కారణమనియు ఆక్షేపించెను. బేకర్స్‌ఫీల్డునకు జూలై యెట్టిదో వడోదరకు మే అట్టిదే. వేసవి నడుమ మీటరు మార్చి, హెచ్చిన లెక్కకు మీటరే కారణమని జనులనుకొన్న, వారిని నిందించుట తగదు; ఆ ముహూర్తమును నిర్ణయించినవారిని నిందింపవలెను.

అయినను ఈ సమాధానమును మన దేశమున ఉన్నదున్నట్లు చెల్లించుకొనుటకు వీలులేదు. పాత చక్రము నెమ్మదిగా తిరిగెను గనుక క్రొత్తది హెచ్చు చూపుచున్నదని మన అధికారులును చెప్పుచుందురు. కాని 2006వ సంవత్సరపు కేంద్ర విద్యుత్ ప్రాధికార నిబంధనలనాఁటినుండి మన యిండ్లకు వచ్చుచున్నవి ఎలక్ట్రానికు మీటర్లే. పట్టణములలో పెక్కిండ్ల గోడలమీఁద చక్రము మాయమై చాల కాలమైనది. ఎలక్ట్రానికు మీటరు తీసి స్మార్టు మీటరు పెట్టినపుడు కొలుచు పద్ధతి యొక్కటియే. మాఱినది దానికి చేర్చిన నోరు మాత్రమే. కాఁబట్టి అట్టి యింట లెక్క హఠాత్తుగా హెచ్చినచో, ముసలిచక్రముమీఁద నెపము వేయుట న్యాయము గాదు. కారణము నింకొకచోట వెదకవలెను.

ఇఁక పరీక్షాగారమున సరిగా నున్న మీటరు ఇంటిలో తప్పు చూపవచ్చునా? చూపవచ్చునని హాలెండు దేశమున ట్వెంటే విశ్వవిద్యాలయమువారు నిరూపించిరి. లెఫెరింకు పండితుఁడును ఆయన సహచరులును 2004 నుండి 2014 వఱకు తయారైన తొమ్మిది ఎలక్ట్రానికు మీటర్లను తీసికొని, వానికి పరీక్షాగారపు నిర్మలమైన భారమును గాక, నేఁటి యిండ్లలోని ఎల్.ఇ.డి. దీపములు, పొదుపుదీపములు, వెలుగు తగ్గించు డిమ్మరులు అను వానిని తగిలించిరి. ఈ పరికరములు విద్యుత్తును నిండుతరంగముగా త్రాగక, తునకలు తునకలుగా గ్రుక్కలు వేయును. తొమ్మిదింటిలో అయిదు మీటర్లు నిజమునకంటె మిక్కిలి హెచ్చు చూపెను. వానిలో నొకటి 582 శాతము హెచ్చు చూపినది. రెండు మీటర్లు సుమారు 30 శాతము తక్కువ చూపెను. లోపము మీటరులోని ప్రవాహమును పసిగట్టు భాగముయొక్క జాతినిబట్టి యుండెను: రొగోవ్‌స్కీ చుట్టగలవి హెచ్చు చూపినవి, హాల్ పద్ధతివి తక్కువ చూపినవి. 2017లో ఈ ఫలితములు ప్రకటితమైనపుడు యూరపు ఖండమంతట కలవరము పుట్టెను.

ఈ ప్రయోగమును జూపి మన మీటర్లన్నియు ఆఱింతలు చూపుచున్నవని యెవరైన ననినచో, అది అన్యాయమగును. ఆ పరీక్షలోని భారము అసాధారణముగా వికృతమైనది; మీటర్లు ఆ దేశపువి, పాతవి. కాని ఆ ప్రయోగమువలన ఒక్క సంగతి నిస్సంశయముగా స్థిరపడినది: నియమితపరీక్షలో నెగ్గిన మీటరు ఇంటిలోను తప్పక నెగ్గునని చెప్పఁజాలము. కొన్ని యేండ్లలో దేశమంతట తీఁగ దీపమును వెడలఁగొట్టి ఎల్.ఇ.డి. దీపమును ప్రతియింట పెట్టిన ప్రభుత్వమునకు, ఆ దీపములక్రింద మీటరు నిలుచునా యని పరీక్షించి, ఫలితమును ప్రకటించు బాధ్యత యున్నది.

మన దేశమునకే ప్రత్యేకమైన మఱియొక చిక్కు గలదు. దొంగతనమును పట్టుటకై మన మీటర్లు కొన్నింటిలో ఫేజు తీఁగయందును, న్యూట్రలు తీఁగయందును పోవు ప్రవాహమును రెంటిని కొలిచి, హెచ్చుగా నున్నదానినిబట్టి యూనిట్లు కట్టు ఏర్పాటున్నది. దొంగకు అది తగిన శిక్ష. కాని పాత మేడలలో రెండు వాటాలకు ఒక్క న్యూట్రలు తీఁగయే ఉమ్మడిగా నున్నచో, పొరుగువాని విద్యుత్తు మన న్యూట్రలుద్వారా తిరిగిపోవును. మన మీటరు దానిని మన పద్దున వ్రాయును. మీటరును విప్పి పరీక్షాగారమునకు కొనిపోయినచో అచ్చట అది నూటికి నూఱుపాళ్లు సరిగా నడచును! అధికారి నిజమే చెప్పుచున్నాఁడు. ఇంటివాఁడును నిజమే చెప్పుచున్నాఁడు. ఇట్టి యింటికి కావలసినవాఁడు మీటరు నిపుణుఁడు గాదు, తీఁగలు చూడఁగల ఎలక్ట్రీషియను. మీటరు బిగించు దినముననే ఈ పరీక్ష చేయుట కెంతో సేపు పట్టదు. కాని బిగించువానికి కూలి మీటరునకింత యని గాని, ఇంటికి శ్రద్ధ యింత యని గాదు.

ఇంతవఱకు కొలతమాట. కొలిచిన యూనిటు రూపాయగా మారుటకు చాల దూరము ప్రయాణము చేయవలెను. పావుగంట కొకసారియో, అరగంట కొకసారియో మీటరు తన యంకెను వ్రాసికొని, గాలిలో సందేశముగా పంపును. ఆ సందేశము కార్యాలయపు యంత్రమునకు చేరును. అచ్చట దర గుణింపఁబడి, నిలువనుండి తీసివేయఁబడి, శేషము మన సెల్‌ఫోనునకు వచ్చును. మన దేశమున సాధారణముగా మీటరునకు యూనిట్లే తెలియును, రూపాయలు తెలియవు. రూపాయలు తెలిసినది కార్యాలయపు యంత్రమునకు మాత్రమే. కాఁబట్టి "మీటరు సరిగానే యున్నది" అను వాక్యము రూపాయలను గుఱించి యేమియు చెప్పదు.

ఈ మార్గమున ఎచ్చటెచ్చట తప్పులు దొరలునో తెలియుటకు ఇంగ్లండును చూచిన చాలును. అచ్చట స్మార్టు మీటరు గల పెక్కిండ్లలో బల్లమీఁద నొక చిన్న తెఱ యుండి, దినపు వాడుకను వ్యయమును చూపును. 2017 జనవరిలో ఒకనాఁటి యుదయమున వేలకొలఁది పౌనుల ఖర్చు నొక్క దినముననే చూపి ఆ తెఱలు కొన్ని గృహస్థులను హడలఁగొట్టెను. మీటర్లు సరిగానే కొలిచినవి, బిల్లులును సరిగానే వచ్చినవి, తెఱమాత్రమే అబద్ధమాడెను. అంతకంటె గడ్డుసమస్య మఱియొకటి. 2023 సంవత్సరాంతమునకు ఆ దేశమున సుమారు 40 లక్షల స్మార్టు మీటర్లు స్మార్టుగా పనిచేయుట లేదని అచ్చటి ప్రభుత్వమే లెక్క చెప్పెను. అనఁగా అవి కొలుచునే కాని, కొలిచినదానిని పంపవు. అట్టి మీటరు గల యింటివాఁడు పూర్వమువలెనే అంకెలు తానే చూచి పంపుకొనవలెను. లేకున్న కంపెనీ ఊహించి బిల్లు వేయును. ఊహాబిల్లును పోఁగొట్టుటకే పుట్టిన యంత్రము మరల ఊహాబిల్లునే తెచ్చిపెట్టెను.

మన యుత్తరప్రదేశమున జరిగినది ఇంకను ఘోరము. 2020 ఆగస్టు 12వ తేది, కృష్ణాష్టమినాఁటి సాయంకాలము, కార్యాలయపు యంత్రమునుండి వెడలిన పొరపాటు ఆజ్ఞవలన లక్షకు మించిన యిండ్లలో స్మార్టు మీటర్లు విద్యుత్తును త్రెంచివేసెను. ఆ యిండ్లవారు బాకీదారులు గారు. పాతకాలమున తీఁగ త్రెంచుటకు మనుష్యుఁడు నిచ్చెన వేసికొని రావలెను. వచ్చినవానితో ఇంటివాఁడు నాలుగుమాటలు మాటలాడి, రసీదు చూపి, ఆపుకొనఁగలిగెడివాఁడు. ఇప్పుడు నిచ్చెన లేదు, మాటయు లేదు.

రూపాయల గుణకారమునందు గల మెలికను ఒక్క యుదాహరణముతో చూపెదము. తెలంగాణములో 2022-23 సంవత్సరమునకు నిర్ణయింపఁబడిన గృహదరలలో, మాసమునకు 200 యూనిట్లలోపు వాడిన యింటికి మొదటి నూఱు యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పునను, తరువాతి నూఱు 4 రూపాయల 80 పైసల చొప్పునను కట్టఁబడును. 200 యూనిట్లు వాడినచో 820 రూపాయలు. 200 దాటినచో శ్రేణియే మాఱును: మొదటి 200 యూనిట్లకును 5 రూపాయల 10 పైసలు, ఆపై దానికి 7 రూపాయల 70 పైసలు. 201 యూనిట్లు వాడినచో 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిటునకు 207 రూపాయల 70 పైసల భేదము! ఇతర రుసుములు వేఱు. 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకముక్రింద అర్హులైన యిండ్లకు 200 యూనిట్లవఱకు బిల్లు శూన్యము. గీటు దాటినచో శూన్యమునకు బదులు ఆ బిల్లు వచ్చిపడును. ఇప్పుడు పాఠకులు ఒకటవ తరగతి మీటరును స్మరింపవలెను. నూటికి ఒకటి తప్పు అనుమతింపఁబడిన మీటరు 199 యూనిట్లను 200 అనియు చెప్పవచ్చును, 201 అనియు చెప్పవచ్చును. శాస్త్రజ్ఞుఁడు దానిని నిర్దోషియనును. బీదగృహస్థునకు ఆ నిర్దోషిత్వము వేయి రూపాయల విలువ చేయును. దరలను నిర్ణయించువారు త్రాసుయొక్క సూక్ష్మత నెఱుఁగక గీఁతలు గీసినచో, త్రాసు మంచిదైనను తూనిక చెడును. ఈ దోషము మీటరు ఏ జాతిదైనను కలదు. ఇందు నింద మోయవలసినది మీటరు గాదు.

ఒక విషయమున స్మార్టు మీటరునకు మెప్పు చెల్లవలెను. రీడింగు తీయువాఁడు ముప్పదవ దినమునకు బదులు ముప్పదిమూడవ దినమున వచ్చుటచేత పై శ్రేణికి జాఱిపోయితిమని మొఱపెట్టుకొనువా రెందఱో కలరు. మాసాంతమున అర్ధరాత్రి తానే అంకె వ్రాసికొను మీటరున్నచో ఈ వ్యాజ్యము పుట్టకుండఁజేయవచ్చును. దానిని చేసి చూపినచో ప్రజలే మీటరును అడిగి పెట్టించుకొందురు.

సెల్‌ఫోనులోని వ్యయము బిల్లుతో సరిపోవకుండుటకు మఱికొన్ని కారణములున్నవి. స్థిరరుసుము దినమున కింతయని విభజింపఁబడునో, మాసారంభమున నొక్కసారి తీయఁబడునో ఇంటివానికి తెలియదు. ఇంధనపు ధర సర్దుబాటు అను పేరుతో గడచిన మాసముల యూనిట్లకు నేఁడు సొమ్ము తీసికొనఁబడుచున్నది. నిన్న చూచిన వ్యయము నిన్నటి పూర్తివ్యయము గాదన్నమాట. దీనిపై 2023 జూనులో సవరింపఁబడిన వినియోగదారుల హక్కుల నిబంధనలు గడియారమును కూఁడ లెక్కలోనికి తెచ్చినవి. సూర్యరశ్మి యుండు ఎనిమిది గంటలలో దర నూటికి 10 నుండి 20 వఱకు తక్కువగను, సాయంకాలపు రద్దీవేళ అంత హెచ్చుగను ఉండవలెనని ఆ నిబంధనల యుద్దేశము. వ్యవసాయము మినహా తక్కిన వినియోగదారులకు 2025 ఏప్రిలునుండి, స్మార్టు మీటరు పెట్టిన పిమ్మట, ఇది వర్తింపవలెనని వ్రాసిరి. ఇట్టి యేర్పాటున యూనిట్ల మొత్తము సరిగా నున్నంతమాత్రమున చాలదు. ఏ యూనిటు ఏ గంటలో పడినదో కూఁడ సరిగా నుండవలెను. మీటరులోని గడియారము తప్పినచో, సందేశము కొన్నిగంటలు రాక కార్యాలయపు యంత్రము ఆ ఖాళీని ఊహతో పూరించినచో, మొత్తము చెక్కుచెదరకయే బిల్లు చెడును. పాత బిల్లులో ఇంటివాఁడు రెండంకెలను తీసివేసి సరిచూచుకొనెడివాఁడు. మాసమునకు వేయికి మించిన అరగంటల లెక్కను ఏ గృహస్థుఁడు సరిచూచుకొనఁగలఁడు?

అట్లని మీటర్లను పగులగొట్టుఁడని చెప్పువారితో మేము ఏకీభవింపము. ఇంటింటి లెక్క దాచుకొన్న చోట దొంగ సుఖించును, నష్టము నిజాయితీపరుని దరలోనికి చేరును. లెక్క యుండవలెను. కాని లెక్క యిరువైపుల నుండవలెను.

గృహస్థులు తమంతట తాము చేయఁదగిన మోటుపరీక్ష యొకటి గలదు. మీటరుమీఁద ఎఱ్ఱని చిన్న దీపము మిణుకుమనుచుండును. యూనిటునకు ఎన్ని మిణుకులో మీటరు ముఖముననే అచ్చువేయఁబడి యుండును. 3200 అని యున్నదనుకొందము. ఇంటిలో నన్నిటిని ఆర్పి, వేయి వాట్ల హీటరును మాత్రము పెట్టినచో నిమిషమునకు 53 మిణుకులు కానరావలెను. మా యింట మేమును గడియారము పట్టుకొని లెక్కించితిమి. 45 మాత్రమే వచ్చెను. మీటరు మాకు మేలు చేయుచున్నదని క్షణకాలము సంతోషించితిమి. పిదప విచారింపఁగా ఆ సాయంకాలము వోల్టేజి 230కి బదులు 210గా నుండెను. అట్టి వేళ వేయి వాట్ల హీటరు 834 వాట్లే త్రాగును. మీటరు సరిగానే యున్నది, హీటరే నీరసించినది. కాఁబట్టి పది మిణుకులు తక్కువైనవనియో, రెండు హెచ్చైనవనియో తగవునకు దిగరాదు. ఎనుబదియో నూఱో వచ్చినచో, లేక అన్నియు ఆర్పినను దీపము మిణుకుచుండినచో, వెంటనే మొఱపెట్టవలెను.

మొఱ పెట్టుటకు చట్టము కొంత దారి చేసినది. 2024 ఫిబ్రవరిలో చేయఁబడిన సవరణముప్రకారము, మీటరు చూపు లెక్క తన వాడుకకు సరిపోవుట లేదని వినియోగదారుఁడు ఫిర్యాదు చేసినచో, పంపిణీసంస్థ ఫిర్యాదు అందిన అయిదు దినములలోపల మఱియొక సరిచూపు మీటరును అమర్పవలెను. కనీసము మూఁడు మాసములు రెండు మీటర్లను నడిపి లెక్క సరిచూడవలెను. 2023 నాఁటి సవరణము స్మార్టు మీటరు దినమున కొకసారియైనను దూరమునుండి చదువఁబడవలెననియు, ఆ వివరములు వినియోగదారునకు అందవలెననియు చెప్పెను. మీటరు పెట్టకమునుపటి కాలమునకు, అది చూపిన హెచ్చుభారమునుబట్టి జరిమానా వేయరాదనియు నిషేధించెను. ఇవి మంచి నియమములు. వీనిని ఎఱిఁగిన గృహస్థు లెందఱు? మీటరు బిగించుటకు వచ్చువాఁడు చేతికిచ్చు కాగితమున ఈ నాలుగు వాక్యములు తెలుఁగున అచ్చువేయించుట కెంత వ్యయమగును?

నియమములు చెప్పనివి కొన్ని యున్నవి. అచ్చటనే మాకు పేచీ. ముందు సొమ్ము చెల్లించు పద్ధతిలో తగవు స్వభావమే మాఱిపోవును. పాత పద్ధతిలో బిల్లు తప్పైనచో గృహస్థుఁడు చెల్లింపక వాదించును, సంస్థ నిరూపించుకొనవలెను. క్రొత్త పద్ధతిలో సొమ్ము ముందే సంస్థచేతిలోనికి పోయినది. గృహస్థుఁడే చీఁకటిలో కూర్చుండి నిరూపించుకొనవలెను. సరిచూపు మీటరు నడచు ఆ మూఁడు మాసములలో నిలువ శూన్యమైనదని తీఁగ త్రెంచివేసినచో, ఆ హక్కు కాగితముమీఁది హక్కే యగును. తగవు తీఱువఱకు ఆ యింటికి పూర్వపు సగటునుబట్టి సొమ్ము తీసికొని, విద్యుత్తును ఆపకుండ నుండవలెనని నియంత్రణ సంఘములు శాసింపవలెను. ప్రతిదినపు కోఁతకును యూనిట్లెన్ని, దర యేది, స్థిరరుసుమెంత, సర్దుబాటెంత యని విడివిడిగా చూపవలెను. సొమ్ము తగ్గెనని మాత్రము చెప్పు సందేశము రసీదు గాదు. మీటరు తెఱమీఁది యంకెకును కార్యాలయపు యంత్రములోని యంకెకును భేదము వచ్చినచో, గృహస్థుని గోడమీఁది యంకెయే ప్రమాణమని స్పష్టముగా నుండవలెను. అరగంట లెక్కల మూలప్రతిని అడిగినవానికి ఉచితముగా నీయవలెను. తాను చూడలేకున్నను, చదువుకొన్న కుమారుఁడో పొరుగువాఁడో చూడఁగలఁడు.

మఱియు సరిచూపు మీటరు ఎవరిది? అదే సంస్థ, అదే తయారీదారునివద్ద కొనిన మఱియొక మీటరును ప్రక్కన పెట్టి, రెండును సరిపోయినవి చూడుఁడనుట, ఒక సాక్షిని అద్దములో చూపి రెండవ సాక్షి యనుటవంటిది. ట్వెంటే ప్రయోగమున ఒకే జాతి మీటర్లు ఒకే దిక్కునకు తప్పినవని పైని చెప్పితిమి. సరిచూపు మీటరు వేఱు నిర్మాణము గలదై, స్వతంత్ర పరీక్షాగారపు ముద్ర కలిగి, ఇంటివాని యెదుట సీలు వేయఁబడవలెను. తీయునపుడును ఆతఁడో, ఆతని మనిషియో చూచుచుండవలెను.

నేఁటి పథకమున పెక్కుచోట్ల ఈ మీటర్లను అమర్చి నడుపువారు పంపిణీసంస్థలు గారు, గుత్తదారులు. వారికి మీటరు ఒక్కింటికి నెల కింత చొప్పున ఏండ్లతరబడి సొమ్ము ముట్టును. ఆ సొమ్మును తుదకు ఇచ్చువాఁడు గృహస్థుఁడే. కాఁబట్టి గుత్తదారుని మీటర్లలో ఎన్నింటిమీఁద ఫిర్యాదులు వచ్చినవి, ఎన్నింటికి అయిదు దినములలో సరిచూపు మీటరు పెట్టిరి, ఎన్నింట తప్పు బయటపడినది, ఎంత సొమ్ము తిరిగి యిచ్చిరి యను పట్టికను ప్రతి మూఁడు మాసములకు డివిజనువారీగా ప్రకటింపుఁడని మేము ఉభయరాష్ట్రముల నియంత్రణ సంఘములను కోరుచున్నాము. అధికారులు చెప్పునట్లు మీటర్లు నిర్దోషములైనచో ఈ పట్టికకంటె వారికి బలమైన సాక్ష్యము లేదు.

పాఠకులకు ఒక మనవి. ఫిర్యాదును నోటిమాటగా చెప్పి రావలదు. సెల్‌ఫోనులో మాత్రమే పంపి యూరకుండవలదు. కాగితముమీఁద వ్రాసి, మీటరు సంఖ్యను, నాఁటి తెఱమీఁది యంకెను, వేళను చేర్చి, కార్యాలయమున నిచ్చి, నకలుమీఁద తేదీతో ముద్ర వేయించుకొనుఁడు. అయిదు దినముల గడువు ఆ ముద్రనుండియే లెక్కకు వచ్చును.